ధౌలా కువాన్‌కి ఐదు గంటలు ఆలస్యంగా

ఆగ్రాలో దిగి తాజ్‌మహల్ చూడకుండా తిరిగొచ్చినవాణ్ణి మా సామర్లకోట మొత్తమ్మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను. మధుర మీదుగా వెళ్ళాను, కృష్ణుడు పుట్టిన చోటు చూడలేదు. పక్కింటి కామేశ్వరమ్మగారైతే బుగ్గలు నొక్కుకున్నారు. "అంత దూరం పోయి మరేం చూసొచ్చావయ్యా?" అన్నారు. నేను చూడ్డానికి బయల్దేరింది ఒకే ఒక్క మనిషిని. ఆయన ప్రాణం పోయిన ఐదు గంటలకి ఆయన ఇంటి ముందు సైకిలు దిగాను. ఎందుకాలస్యమైందని అడిగినవాళ్ళకి "దారిలో ఎదురుగాలి" అని చెప్పి ఊరుకుంటున్నాను. అది సగమే నిజం. రెండో సగం ఇక్కడ రాస్తున్నాను.

ఒక ఉత్తరం, రెండు చేతిరాతలు

ఆయన సుబేదారు అప్పలస్వామి. పుట్టింది బొబ్బిలి దగ్గర పల్లె. పటాళంలో పాతికేళ్ళు చేసి, పెన్షన్ పుచ్చుకున్నాక ఊరికి వెళ్ళకుండా ఢిల్లీలోనే, ధౌలా కువాన్ చౌరస్తాకి కాస్త అవతల ఒక ఇరుకు గల్లీలో సైకిలు షాపు పెట్టుకున్నారు. డెబ్బై రెండులో నాకు కంటోన్మెంటులో గుమాస్తా ఉద్యోగం వచ్చినప్పుడు ఆ షాపు మీది గదిలో అద్దెకి దిగాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. గల్లీ అంతా ఆయన్ని సూబేదార్ సాబ్ అనేది. నేను మొదటి నెలలోనే బాబాయి అనేశాను. ఆయన భార్య పార్వతమ్మగారు పిన్ని అయ్యారు. చింతపండు పులుసు కోసం వావి కలుపుకున్నావురా అని బాబాయి ఎగతాళి చేసేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆదివారం పొద్దున్నే ధౌలా కువాన్ నుంచి గుడ్‌గావ్ దాకా వెళ్ళి తిరిగొచ్చే సైకిలు పందేలు జరిగేవి. పాలు పోసేవాళ్ళు, జవాన్లు, తంతి ఆఫీసువాళ్ళు, నాలాంటి గుమాస్తాలు తొక్కేవాళ్ళు. వాళ్ళకి తర్ఫీదిచ్చేది బాబాయే, పందెం రోజున మైకు పట్టేదీ బాబాయే. రిక్షాకి లౌడ్‌స్పీకరు కట్టించి, దాని పక్కన స్టూలేసుకుని నిలబడి బొబ్బిలి యాస హిందీలో పందెం చెప్పేవారు. ఉద్రేకం ముదిరితే హిందీ జారిపోయి తెలుగు వచ్చేది. "లాగరా, లాగు!" అని ఒక్క అరుపు అరిచేవారు. అర్థం తెలియకపోయినా సర్దార్లూ జాట్‌లూ కూడా ఒకళ్ళనొకళ్ళు "లాగ్‌రా లాగ్" అని అరుచుకునేవాళ్ళు. పక్కవాడి గొలుసు ఊడితే ఓదార్పుగా కూడా అదే మాట అనేవాళ్ళు.

నా మొదటి పందెంలో నలభై మందికి నలభయ్యోవాణ్ణి నేనే. ముప్పావుగంట వెనకబడ్డాను. బహుమతులివ్వడానికి వచ్చిన పెద్దాఫీసరు గడియారం చూసుకుంటుంటే, బాబాయి మైకులోనే "సాబ్, ఏక్ ఆద్మీ అభీ రోడ్ పర్ హై" అని, ఇంకా ఒకడు రోడ్డు మీదే ఉన్నాడని చెప్పి ఆపేశారట. చివరివాడు వచ్చేదాకా పందెం అయిపోయినట్టు కాదని ఆయన పంతం. అందాకా మైకు దించరు, ఊరికే కూర్చోరు, కనబడని వాడి గురించి అదే పనిగా చెబుతూనే ఉంటారు. "ఇప్పుడు పాలం గేటు దగ్గరుంటాడు, పాపం గాలి ఎదురు, అయినా దిగలేదు" అని. నేను నిజానికి రెండుసార్లు దిగాను. నేను గీత దాటేసరికి గెలిచినవాడికి కొట్టినన్ని చప్పట్లు కొట్టించారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఆరేళ్ళు ఆయన ఏం చెబితే అది చేశాను.

డెబ్బై ఎనిమిదిలో కాకినాడలో ఉద్యోగం దొరికి వచ్చేశాను. ఉత్తరాలు మాత్రం నడిచాయి. ఎనభై ఐదు మాఘంలో వచ్చిన ఉత్తరం ఇది: "ఒరే సూరీ, గొంతులో పుండు లేచినాదని కోసీసినారు. మాట పోయినాది. ఇన్నేళ్ళు మైకులో అరిసినోణ్ణి, ఇప్పుడు పలక మీద రాసి పిన్నిని నీళ్ళడుగుతున్నాను. నువ్వు రాదలిస్తే సైకిలు మీద రా. రైలెక్కి వచ్చి ఏడిసిపోయేవోళ్ళు ఇక్కడ చాలామందున్నారు." కింద అంచున, పెన్సిలుతో, పిన్ని చేతిరాత: "తొందరగా రా నాయనా."

రెండూ చదివాను. నాకు నచ్చింది పట్టుకున్నాను. "ఆగ్రా దాకా రైలు, అక్కణ్ణించి సైకిలు. శనివారం పొద్దున్న ఆరింటికి ఆగ్రాలో బయల్దేరతాను. మిగతా లెక్క మీరే కట్టుకోండి" అని కార్డు రాసి పడేశాను. ముప్పై ఐదేళ్ళకే బొజ్జ వచ్చినవాణ్ణి ఆయన ముందు మళ్ళీ రైడరులా దిగాలని నా యావ. డాక్టర్లు ఇంకా కొన్ని నెలలుంటారన్నారని అదే ఉత్తరం వెనకవైపు బాబాయి రాశారు కాబట్టి తొందరేముందిలే అనుకున్నాను.

ఆగ్రా

సైకిలుని గోనె చుట్టి బ్రేకువానులో వేశాను. చుట్టడం నాకు సరిగ్గా రాలేదు. శనివారం తెల్లవారకముందే ఆగ్రాలో దింపుకుని విప్పి చూస్తే ముందు చక్రం అప్పడంలా వంకర తిరిగి ఉంది. స్టేషను ఎదుట సైకిలు షాపు ముందే మంచం వేసుకుని పడుకున్న ముసలాయన్ని లేపాను. ఆయన పేరు ఉస్మాన్ చాచా. గెడ్డం మీంచి దుప్పటి తీయకుండానే "బాజార్ అభీ సో రహా హై బేటా, తొమ్మిదింటికి రా" అన్నారు.

నేను వెళ్ళలేదు, అక్కడే గట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి జాలిపడి లేచారు. చక్రం చూసి, ఎక్కడికి వెళ్ళాలని అడిగారు. చెప్పాను. గురువుగారికి జబ్బని, సైకిలు మీద వస్తానని మాటిచ్చానని చెప్పాను.

"ఎనిమిదిన్నరకి బండి ఉంది. మూడు గంటల్లో ఢిల్లీలో దింపుతుంది" అన్నారు చాచా.

"మాటిచ్చాను కదా చాచా."

"కిస్ కో? ఆయనకా, నీకు నువ్వా?"

ఆ మాటకి నాకు కోపం వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి నా గురువుకీ నాకూ మధ్య మాట్లాడ్డమేమిటి అనిపించింది. ఆ బండి ఎక్కి ఉంటే శనివారం మధ్యాహ్నానికి బాబాయి మంచం పక్కన ఉండేవాణ్ణి. ఒక రోజంతా ఉండేది మాకు.

చువ్వలు ఒక్కొక్కటే లాగి చక్రం తిన్నగా చేసేసరికి చాచాకి పది దాటింది. ఈలోగా బేడై తెప్పించారు. మన పూరీకి మేనత్త వరస, లోపల మినప్పిండి కూరి ఉంటుంది, మీద చుర్రుమనే బంగాళాదుంప కూర పోస్తారు. పక్కన జిలేబీ. మన వైపు జిలేబీ సాయంకాలపు సరుకు. అక్కడ పొద్దున్నే, పళ్ళు తోముకోవడం ఆలస్యం, అదే తింటారు. రెండు ఆకుల నిండా తిన్నాను. చాచా మరమ్మతుకి ఆరు రూపాయలు తీసుకున్నారు, జిలేబీకి తీసుకోలేదు. ఆరింటికి బయల్దేరాల్సినవాణ్ణి పదిన్నరకి బయల్దేరాను.

మధుర

ఆ నెలల్లో అక్కడ పడమటి నుంచి వీచే గాలిని పఛువా అంటారు. ఢిల్లీ వైపు తొక్కేవాడి మొహం మీదే కొడుతుంది. ఊరు దాటిన పది నిమిషాల్లో నా బొజ్జకీ ఆ గాలికీ పరిచయమైంది. ఇరుపక్కలా ఆవాలు కోతకొచ్చి ఉన్నాయి, గోధుమ ఇంకా పచ్చగా తలలూపుతోంది. "గాలితోటి దెబ్బలాడకురా, ముందువాడి ఈపు చాటుకెల్లి బేరమాడు" అనేవారు బాబాయి. ముందు ఎవరూ లేరు. గడ్డి బళ్ళు వస్తే వాటి వెనక కొంతదూరం చేరేవాణ్ణి, బళ్ళవాళ్ళు వెనక్కి తిరిగి వింతగా చూసేవాళ్ళు.

ముందువాడి చక్రం చూడొద్దు, నడుం చూడమని కూడా నేర్పింది ఆయనే. "చక్రం అబద్ధం ఆడతాది. మనిషి లేచి తొక్కీముందు నడుమే చెప్పీస్తాది." షాపులో పంక్చరు వేస్తూ వేస్తూ ఇలాంటివి చెప్పేవారు. రాసుకోమంటే రాసుకునేవాణ్ణి కాదు. ఇప్పుడు సగం గుర్తు లేవు, అదే పెద్ద బాధ.

మధుర చేరేసరికి మూడు కావస్తోంది. యాభై అయిదు కిలోమీటర్లకి నాలుగున్నర గంటలు. పాతరోజుల్లో రెండు గంటల పని. కాళ్ళు కట్టెలయిపోయి పేడా కొట్టు ముందు కూలబడ్డాను. కొట్టతను ఆకులో రెండు పెట్టి రుచి చూడమన్నాడు. మన పాలకోవా మెత్తగా నోట్లో కరుగుతుంది. వాళ్ళ పేడా కోవాని గోధుమరంగు వచ్చేదాకా వేయిస్తారు, పళ్ళకింద ఇసుకలా పలుకుతుంది. ఏడు రూపాయలిచ్చి బాబాయి కోసం పావుకిలో కట్టించాను. అతను తాటాకు బుట్టలో పెట్టి ఎర్ర దారం కట్టాడు. ఇంకో పది కిలోమీటర్లు తొక్కాక నాకు తట్టింది, గొంతు కోసిన మనిషికి కోవా పట్టుకెళ్తున్నానని. రోడ్డు పక్కన ఆగి ఆ బుట్ట చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. పారేయడానికి మనసొప్పలేదు.

ఛాతా, కోసీ

ఆ ప్రాంతంలో హోలీ ఒక్క రోజు పండగ కాదు. నెల ముందే మొదలవుతుంది. ఛాతా అనే ఊరి బయట బిందెలతో వస్తున్న ఆడవాళ్ళు అయిదారుగురు రోడ్డుకి అడ్డం నిలబడ్డారు. ఏమిటో అడిగేలోపే ఒకామె గులాల్ తీసి నా మొహం నిండా రాసేసింది. ఇంకొకామె చొక్కా మీద గుప్పెడు కొట్టింది.

"ఫగువా దేకే జా, లాలా!" అన్నారు. రంగు పూయించుకున్న మగవాడు కానుక ఇవ్వాలట. దెబ్బలు తిని డబ్బులిచ్చే ఆచారం మన వైపు లేదు దీదీ అంటే విరగబడి నవ్వారు. రెండు రూపాయలిస్తే అందులో పెద్దామె నా తలమీద చెయ్యి వేసి, ఎక్కడికి వెళ్తున్నావని అడిగింది. ఢిల్లీలో మా బాబాయి దగ్గరికన్నాను. "అయితే కడుక్కోకు. ఈ రంగు చూసి నవ్వుతాడు" అంది.

ఆ మాట నాకు బాగా నచ్చింది. కడుక్కోలేదు.

పొద్దు వాలుతుండగా కోసీ చేరాను. నూరు కిలోమీటర్లు, అంటే సగం దారి. నాలుగు రూపాయలిచ్చి ధర్మశాలలో చాప మీద వాలాను. ఢిల్లీ బస్సులు ఎదురుగానే ఆగుతున్నాయి. పైన సైకిళ్ళు కట్టి ఉన్నాయి కూడా. చూస్తూనే నిద్రపోయాను.

హోడల్ దాటాక

ఆదివారం ఆరింటికల్లా రోడ్డెక్కాను. హోడల్‌తో ఉత్తరప్రదేశ్ అయిపోయి హర్యానా వస్తుంది. గేదెలు నున్నగా, మనుషులు పొడుగ్గా, మాటలు మొరటుగా అవుతాయి. తొమ్మిది దాటుతుండగా తుమ్మముల్లు దిగి వెనక టైరు పంక్చరయింది. సంచీ విప్పితే సొల్యూషను ట్యూబు ఎండిపోయి రాయి అయింది. బాబాయి శిష్యుడికి ఇంతకన్నా అవమానం ఉండదు. పందేనికి ముందు రోజు ప్రతివాడి సంచీ విప్పి సొల్యూషను నొక్కి చూసేవారాయన.

పొలం గట్టున నులక మంచం మీద ఒక చౌదరి హుక్కా పీలుస్తున్నాడు. అరవై ఏళ్ళుంటాయి. నన్ను చూసి "అరే, హోలీ ఆడుకుని వస్తున్నావా, పారిపోయి వస్తున్నావా?" అని కేకేశాడు. తన పాలేరుని ఊళ్ళోకి పంపి సొల్యూషను తెప్పిస్తానన్నాడు. అందాకా కూర్చోమన్నాడు. కూర్చున్నాను.

సజ్జ రొట్టెలు వచ్చాయి, మీద నిమ్మకాయంత వెన్న. అప్పుడే పీకి కాలవలో కడిగిన ముల్లంగి దుంపలు, ఉప్పు, చెంబుడు లస్సీ. మేం మూడు పూటలా అన్నమే తింటామంటే నమ్మలేదు. "చావల్? తీనోఁ టైమ్? మీ ఊళ్ళో అందరికీ జ్వరమా?" అన్నాడు. వాళ్ళ దగ్గర వరి అన్నం జ్వరం పడి లేచినవాళ్ళకి పెట్టేదట.

ఎక్కడికెళ్తున్నావంటే బాబాయి గురించి చెప్పడం మొదలెట్టాను. మొదలెడితే ఆగలేదు. పెద్దాఫీసర్ని ఎండలో నిలబెట్టిన సంగతి చెప్పాను. ఒక పందెంలో గేదె అడ్డంగా పడితే బాబాయి దానికి కూడా నంబరిచ్చి, మూడో స్థానంలో ఉందని మైకులో చెప్పిన సంగతి చెప్పాను. చౌదరి హుక్కా పక్కన పెట్టి పొట్ట పట్టుకుని నవ్వాడు. బాబాయి హిందీని అనుకరించి చూపించాను, ఇంకా నవ్వాడు. "ఇంకోటి చెప్పు, ఇంకోటి చెప్పు" అన్నాడు. పాలేరు సొల్యూషను తెచ్చి అప్పటికే పక్కన పెట్టాడు. నేను చూశాను. చూసి కూడా ఇంకొక కథ చెప్పాను.

అప్పుడు పదకొండయింది. ధౌలా కువాన్ గల్లీలో బాబాయి పోయింది పదకొండింటికే. ఆయన మాటలు ఆయనలాగే మాట్లాడి ఒక పరాయివాణ్ణి నవ్విస్తున్నాను నేనప్పుడు.

ఫరీదాబాద్ మీదుగా

పల్వల్ దాటాక రోడ్డుకి తీరిక తగ్గిపోయింది. బల్లభ్‌గఢ్ నుంచీ పొగ గొట్టాలే. ఫరీదాబాద్‌లో టీ అర్ధరూపాయి. గ్లాసు మన దగ్గర సగం, చక్కెర రెట్టింపు. గాలి కాస్త తగ్గింది, కాళ్ళు పాత మాట వినడం మొదలెట్టాయి. బదర్‌పూర్ దగ్గర ఢిల్లీలో అడుగు పెట్టేసరికి నిజం చెప్పొద్దూ, ఈల వేశాను. నేను వెళ్ళిపోయినప్పుడు లేని వంతెనలు లేచాయి. పాత దార్లు ఎటు పోయాయో వెతుక్కోవాల్సి వచ్చింది. రింగురోడ్డు మీద ఒక బస్సుతో కొంతదూరం పోటీ కూడా పడ్డాను.

మోతీబాగ్ దగ్గర ఆగి తల దువ్వుకున్నాను. చొక్కా మీద గులాల్ మాత్రం దులపలేదు. నాలుగు కావస్తోంది.

గల్లీ

గల్లీ మొదట్లోకి తిరగ్గానే కనబడ్డారు. రెండు పక్కలా గోడలకి ఆనుకుని యాభై అరవై మంది సైకిళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు. మా పాత రైడర్లు. సగం మందిని గుర్తుపట్టాను. జుట్లు నెరిశాయి, పొట్టలొచ్చాయి, అయినా సైకిలు పట్టుకునే తీరు మారలేదు. పాలు పోసే బల్బీర్ ముందే ఉన్నాడు. ఒకప్పుడు ఎన్ని ఆదివారాలో నా ముందు చక్రం వాడిదే.

మధ్యలో దారి వదిలి ఉంది. పందెం చివర గీత దగ్గర ఎలా నిలబడతారో అలాగే నిలబడ్డారు. నా రాక బాబాయి అందరికీ చెప్పి పిలిపించారనుకున్నాను. నా కోసమే అనుకున్నాను.

హ్యాండిలు వదిలి కుడి చెయ్యి పైకెత్తాను. గెలిచినవాడిలా. నవ్వుతూ, మొహం నిండా గులాల్‌తో, యాభై మంది మధ్య నుంచి చెయ్యెత్తి తొక్కుకుంటూ వెళ్ళాను.

ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. ఒక్కడూ నన్ను ఆపలేదు. సగం దూరం పోయాక వాళ్ళ మొహాలు చూశాను. షాపు ముందు నేల మీద వెదురు కర్రలు చూశాను. చెయ్యి దించడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు బరువే.

బల్బీర్ వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు. "ఆ గయా తూ" అన్నాడు, అంతే. నన్ను చేతిపంపు దగ్గరికి తీసుకెళ్ళి, తనే కొడుతూ, తనే నా మొహం కడిగాడు. గులాల్ ఒక పట్టాన వదల్లేదు. మెడ వెనకా చెవుల్లోనూ వేలు పెట్టి, బిడ్డకి కడిగినట్టు కడిగాడు. తన పైకండువా తీసి నా చొక్కా మీద కప్పాడు. అప్పుడు లోపలికి పంపాడు.

మా సూరి దారిలో ఉన్నాడు, వాడు వచ్చేదాకా ఎత్తొద్దని పిన్ని ఆపిందట. పొద్దు గూకేలోపు వెళ్ళాలని పెద్దవాళ్ళు తొందర పెడుతున్నా ఆపిందట. బాబాయిని చూశాను. చిక్కి సగమయ్యారు. మెడ చుట్టూ తెల్ల గుడ్డ. ఒక పక్క నేను భుజం పట్టాను, ఒక పక్క బల్బీర్. వెనకాల అందరూ సైకిళ్ళు ఎక్కకుండా నడిపించుకుంటూ వచ్చారు. ఢిల్లీ రోడ్ల మీద అన్ని సైకిళ్ళు అంత నిశ్శబ్దంగా నడవడం అంతకుముందెప్పుడూ చూడలేదు.

సోమవారం పొద్దున్న

పిన్ని నన్ను పిలిచి మంచం పక్కన కూర్చోబెట్టింది. ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. రైడర్ల వీపున కట్టే నంబరు కాగితాలు, పాతవి, ఒక కట్ట నా ఒళ్ళో పెట్టింది. వెనక వైపు తిప్పి చూడమంది. అన్నీ బాబాయి చేతిరాత.

"శనివారం పొద్దున్న ఆరుకి గోడ గడియారం చూసి లేచి కూకున్నారు నాయనా. 'సూరిగాడు బయల్దేరీసినాడు' అని రాసినారు. 'నాకు గొంతు లేదు, నువ్వు చదువే, గట్టిగా చదువు' అని చేతుల్తోటి గోల. నా జన్మలో మైకు ముట్టుకున్నానా? సిగ్గేసినాది. అయినా నిలబడి చదివినాను. ఇంక చూడు, రాయడం, నాను చదవడం. బల్బీరూ వాళ్ళూ వచ్చి కూకున్నారు. తెలుగు తెలీకపోయినా నాను చదివినప్పుడల్లా 'షాబాష్' అన్నారు."

ఒక్కొక్కటే తిప్పాను. ఏడింటికి: "ఫరా దాటినాడు. ఒంటరిగా తొక్కుతున్నాడు." ఎనిమిదింటికి: "మధుర. గాలి ఎదురు. తల దించినాడు, మంచి రైడరు." పన్నెండింటికి: "పల్వల్. నీళ్ళు తాగినాడు. దిగలేదు." డెబ్బై నాలుగులో నేను తొక్కిన వేగం అది. ఆ వేగంతో లెక్క కట్టి రెండింటికి నన్ను గల్లీలోకి తెచ్చేశారాయన. రెండయింది, నేను రాలేదు.

అక్కణ్ణించి కాగితాలు నా తరఫున సాకులు చెప్పడం మొదలెట్టాయి. "పంక్చరు. ఇరవై నిమిషాలు." "గొలుసు తెగినాది. పాపం వాడి తప్పు కాదు." "ముసలాయన్నెవర్నో కోసీ ఆస్పత్రిలో దిగబెట్టడానికి వెనక్కెల్లినాడు, మంచోడు." సాయంకాలానికి: "ఇంక చీకటి పడతాది. కోసీలో ఆపీసినాను. పడుకోనీ."

"పిన్నీ, నేను కోసీలోనే పడుకున్నాను" అన్నాను.

"అవునేటి?" అంది పిన్ని. కళ్ళు తుడుచుకుంది. "ఆయనకి తెలుసు మరి."

నాకింక ఆగలేదు. అంతా చెప్పేశాను. మధుర దాటినట్టు ఆయన రాసిన వేళకి నేను ఆగ్రాలో జిలేబీ తింటున్నానని, రైలుంటే ఎక్కలేదని, బస్సుంటే ఎక్కలేదని, పదకొండింటికి చౌదరి మంచం మీద కూర్చుని నవ్వుతున్నానని. పంక్చరు అయింది నిజమే గానీ అది వేసుకోకుండా కబుర్లు చెప్పానని. నీ పెన్సిలు రాత చదివి కూడా తొందరగా రాలేదు పిన్నీ అన్నాను.

పిన్ని అంతా విన్నది. "తిన్నావు కదా, పోనీలే. ఆకలేసుంటాది" అంది చివరికి.

కట్టలో అన్నిటికన్నా అడుగున ఉన్న కాగితం నా చేతికివ్వలేదు. తనే తీసుకుంది. ఆదివారం పొద్దున్న పదింబావుకి రాసిందట, తర్వాత పెన్సిలు పట్టుకోలేదట. "ఇది మాత్రం ఎవరికీ చదవలేదు. బల్బీరు అడిగినా చదవలేదు. నీ పేరు చూపించి, నీకే చదవమని సైగ చేసినారు" అంది.

కాగితం నేను పుచ్చుకుని చదువుకుంటానన్నాను. ఒప్పుకోలేదు. మంచం పట్టె పట్టుకుని లేచింది. కొంగు భుజం మీదికి సరిచేసుకుంది. రెండ్రోజులూ ఆయన ముందు ఎలా నిలబడిందో అలాగే, కాగితం మొహానికి ఎదురుగా పెట్టుకుని, గల్లీలోకి వినబడేటంత గట్టిగా చదివింది:

"సూరీ, మెల్లగా రా నాయనా. ఇంక తొందర్లేదు."